మూట మూల కోసే చాకు

సోలాపూర్ నుంచి వచ్చే దుప్పట్ల మూటను మా ఇంట్లో ఎవరూ నమ్మరు. పైన గోనె పొడిగా ఉంటుంది, కట్టిన సుతిలి తాడు బిగువుగా ఉంటుంది, నల్లటి అక్షరాలతో మా దుకాణం గుర్తు కూడా చెదరకుండా ఉంటుంది. లోపల మాత్రం దారిలో ఎక్కడో వానకు తాగిన నీళ్ళుంటాయి. అందుకని మా నాన్న ఒక పద్ధతి పెట్టాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర మూట చేతికి రాగానే, సంతకం చెయ్యకముందే, ఒక మూలన చాకుతో రెండు వేళ్ళు పట్టేంత కోయాలి. ఆ కంతలోంచి వేళ్ళు పోనిచ్చి బట్ట తడమాలి. తర్వాత ఆ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడాలి. ముక్కిన వాసన రాకపోతేనే సంతకం. సంతకం అయ్యాక లోపల పాము ఉన్నా మనదే.

ఈ పని చేసే మనిషి మా దుకాణం హమాలీ. పాలమూరు వైపు నుంచి వచ్చి మా దగ్గర చేరినప్పుడు నేను ఎనిమిదో తరగతి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను అన్నా అనేదాన్ని, అతను నన్ను బిడ్డా అనేవాడు. ఆబిడ్స్‌లో మా దుకాణానికీ స్టేషన్‌కీ మధ్య ఉన్న దారిని ముప్పై అయిదేళ్ళపాటు తోపుడు బండితో అరగదీశాడు. నాన్న పోయి గల్లా దగ్గర నేను కూర్చున్నాక కూడా అతని వేళ్ళు సరే అన్న మూటలే మా మెట్లెక్కాయి.

చాకులు నాన్న సుల్తాన్ బజార్లో కొన్నాడు. చెక్క పిడి, మడిస్తే పిడిలోకి పోయే బ్లేడు, తెరిస్తే చూపుడు వేలంత. ఒకటి కొనడానికి వెళ్ళినవాడు, నాలుగు తీసుకుంటే ధర దిగుతుందని నాలుగు తెచ్చాడు. "నలుగురు దొంగలున్నరా మనింట్ల?" అని అమ్మ అడిగింది. ఒకటి నాన్న జేబులోకి, ఒకటి గల్లా సొరుగులోకి, ఒకటి హమాలీ అన్నకు పోగా నాలుగోది మిగిలిపోయి నాకు వచ్చింది. నా జీవితంలోకి చాలా వస్తువులు అలా మిగిలిపోయే వచ్చాయి.

మా దుకాణంలో కట్టర్‌కు ప్రవేశం లేదు. ఇప్పుడందరూ వాడే, వేలితో తోస్తే టకటకమని బయటికి వచ్చే ఆ పల్చటి బ్లేడు గోనె కుట్టు మీద పట్టు తప్పిందంటే విరుగుతుంది. ఒకసారి అలా విరిగిన ముక్క ఒక తువ్వాలు మడతలో ఉండిపోయింది. కొనుక్కుపోయినావిడ ఇంటికెళ్ళి దానితోనే ముఖం తుడుచుకుంది. మర్నాడు ఆవిడ చెంప మీద గీత నేను చూశాను. నాన్న ఆ సాయంత్రం దుకాణంలోని కట్టర్లన్నీ తీసి చెత్త డబ్బాలో వేయించి, "ఇగ నా దుకాణంల చాకే" అన్నాడు. కాబట్టి హమాలీ అన్న జేబులో చాకు ఉందంటే అది అతని సరదా కాదు, మా హుకుం. ఈ మాట ఇక్కడ ముందే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన చోట సమయానికి చెప్పలేకపోయాను కాబట్టి.

అప్పట్లో మా వరసలో జేబులో చాకు లేని దుకాణందారు లేడు. పెన్సిలు చెక్కాలన్నా, వక్క చీల్చాలన్నా, జామకాయ నాలుగు ముక్కలు చేసి ఉప్పూ కారం అద్దాలన్నా చాకు కావాలి. పక్క దుకాణం నుంచి "చాకు ఇయ్యి" అని చెయ్యి చాపితే ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. చాకు లేనివాడినే ఒక రకంగా చూసేవారు, ఇంకా పనిలోకి దిగని వాడిలా.

నా చాకు సంగతి కొంచెం వేరు. నన్ను చూసుకోవడానికి లక్డీకాపూల్ నుంచి ఒక ఆఫీసరు గారి కుటుంబం వచ్చింది. వాళ్ళు తెచ్చిన మిఠాయి డబ్బా ముడి ఎంతకీ రాక అమ్మ గోళ్ళతో తంటాలు పడుతుంటే, నేను అలవాటు కొద్దీ నడుము దగ్గర దోపుకున్న చాకు తీసి ఒక్క కోతతో సుతిలి తెంపాను. అబ్బాయి తల్లి మిఠాయి వైపు చూడలేదు.

"పిల్ల చేతిల చాకేంది వదినా?" అంది అమ్మతో.

మా నానమ్మ తడుముకోలేదు. "సరుకు లోపల ఎట్లున్నదో చూసెతందుకు" అంది, అబ్బాయి వైపు చూస్తూ.

ఆ సంబంధం మళ్ళీ మా మెట్లెక్కలేదు. తర్వాత కుదిరిన ఆయన బడిపంతులు. పెళ్ళయిన వారానికి నా చేతిసంచీలో చాకు చూసి, "గిది నా కోసమా, మామిడికాయల కోసమా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా బడికి వెళ్ళిపోయాడు. ఆ జవాబు ఇప్పటికీ అడగలేదు.

ఇలా నా చాకు నలుగురికీ నవ్వులాటగానే బతికింది. మాల్ గేటు దగ్గర బ్యాగు వెతికే ఆడపిల్ల దాన్ని పైకి తీసి, నా ముఖం చూసి, "పండ్లకా మేడమ్? జర ఈడ పెట్టి పోండ్రి, వచ్చేటప్పుడు తీసుకోండ్రి" అంటుంది. నేను మందులకూ మామిడికాయలకూ ఒకే సంచీ మోసే వయసుకు వచ్చేశాను. జరీ అంచు చీర, కళ్ళద్దాలు, చేతిలో ఫోను. ఈ వేషంలో నేను కొడవలి పట్టుకున్నా కొబ్బరికాయ కోసమే అనుకుంటారు.

ఈ మధ్య చాకు అనే మాటకే రంగు మారింది. పుట్టినరోజు కేకులను తల్వార్లతో కోసి వీడియోలు పెట్టే కుర్రాళ్ళు వచ్చారు. ఎక్కడో ఎవరో ఎవరినో పొడిస్తే సాయంత్రానికల్లా ఆ వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది. మా వరసలో ఇప్పుడు జేబులో చాకు పెట్టుకునే వాళ్ళు లేరు. అదే బ్లేడును ప్లాస్టిక్ పిడిలో పెట్టి కట్టర్ అంటే ఆఫీసు సామాను, చెక్క పిడిలో పెట్టి చాకు అంటే మనిషి మీద అనుమానం. నాతో పాటు ఆ పాత అలవాటు మిగిలింది హమాలీ అన్నకొక్కడికే.

అతనికి అరవై దాటాక మోకాళ్ళు పోయాయి. మూట ఎత్తితే మెట్టు మీద కాలు ఆగేది కాదు. దవాఖానలో బరువు మొయ్యొద్దన్నారు. అతనూ భార్యా నాంపల్లి వెనక ఒక బస్తీలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవారు. ఆ సమయంలోనే హిమాయత్‌నగర్లో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్ కావాలని తెలిసి నేనే మాట్లాడాను. లిఫ్టు పక్కన గది, కరెంటు, నీళ్ళు, కిరాయి లేదు. అసోసియేషన్ సెక్రటరీతో గంటసేపు బేరమాడి గదికి కొత్త తలుపు కూడా ఒప్పించాను. పోలీసు వెరిఫికేషన్ కాగితం ఒకటి వస్తే చేరిపోవడమే. అన్న భార్య వెళ్ళి గది చూసి వచ్చి, "కిటికీ ఉన్నది బిడ్డా" అని నాకు చెప్పింది. ముప్పై ఏళ్ళుగా కిటికీ లేని గదిలో ఉన్న మనిషి ఆమె. బస్తీ గది ఓనరుకు నెలాఖరుకు ఖాళీ చేస్తామని చెప్పేశారు. ఆయన ఆ వారమే వేరేవాళ్ళకు మాటిచ్చేశాడు.

వాచ్‌మన్‌గా చేరేలోపు చివరి మూటలు తనే చూసి దించుతానని అన్న పట్టుబట్టాడు. మొయ్యడానికి వేరే మనిషిని పెట్టాను, కోసి చూడడం మాత్రం తనదే అన్నాడు. ఆ రోజు పొద్దున్నే స్టేషన్ రోడ్డు మీద పోలీసులు సంచులు వెతుకుతున్నారు. ముందు రోజు ఎవరినో పొడిచిన వీడియో ఒకటి ఊరంతా తిరిగింది. పది గంటలకు నా ఆటో వాళ్ళ ముందునుంచే వెళ్ళింది. ఒకతను లోపలికి వంగి నన్ను చూసి, "పోనియ్" అన్నాడు డ్రైవరుతో. నా చేతిసంచీ ఒళ్ళోనే ఉంది, అందులో చాకు ఉంది.

పదకొండింటికి అదే చోట నడిచి వెళ్తున్న హమాలీ అన్నను ఆపారు. దుమ్ము చొక్కా, లుంగీ, భుజాన ఖాళీ గోనె సంచి. చొక్కా జేబులో చాకు. పన్నెండింటికి ఠాణా నుంచి నాకు ఫోన్ వచ్చింది, దుకాణం మనిషి ఎవరైనా రావాలని.

నేను బేరానికి వెళ్ళినట్టే వెళ్ళాను. దారిలో మాటలు పేర్చుకున్నాను. ముందు ఎండ గురించి, తర్వాత వాళ్ళ డ్యూటీ కష్టం గురించి, ఆ తర్వాత మా తాత కాలం నుంచి ఆబిడ్స్‌లో ఉన్న దుకాణం గురించి. అసలు సంగతి ఎదుటివాడి నోట రప్పించాలి. అవసరం మనదని తెలియకూడదు. జీవితమంతా ఆటోవాళ్ళనూ, మిల్లు ఏజెంట్లనూ, చివరికి పెళ్ళిమండపం వాళ్ళనూ ఇలాగే దారికి తెచ్చుకున్న దాన్ని. ఒక ఎస్సైని తెచ్చుకోలేనా అనుకున్నాను.

అన్న గోడ పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ముఖం విప్పారింది. ఎస్సై కుర్రవాడే, మర్యాదస్తుడు.

"కూర్చోండి మేడమ్. గీయన మీ మనిషేనా?"

"ఔ సార్. ముప్పై అయిదేండ్ల సంది మా దగ్గర్నే ఉన్నడు. చీమకు గూడ ఆని చెయ్యడు."

"మంచిది." సొరుగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద నా వైపు జరిపాడు. "ఇది మీ దుకాణందేనా?"

"మాది కాదు సార్" అన్నాను.

చూడకుండానే అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. పదేళ్ళ వయసు నుంచి గల్లా పక్కన కూర్చుని నేర్చుకున్న మొదటి మాట అది. ఎవరైనా ఒక వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టి, ఇది మీ దుకాణందేనా అని అడిగారంటే రంగు దిగిన తువ్వాలో, చీలిన దుప్పటో తిరిగి ఇవ్వడానికి వచ్చారన్నమాట. ముందు కాదనాలి. తర్వాత తీసి చూడాలి. అటూ ఇటూ తిప్పి, అంచు పరీక్షించి, "అరె, ఔ, మాదే, పాత స్టాకు" అని మెల్లగా ఒప్పుకోవాలి. అప్పుడు తెచ్చినవాళ్ళకు గెలిచినట్టుంటుంది, డబ్బు వాపసు అడగకుండా మార్చుకుని పోతారు. నాన్న అదే చేశాడు, తాత అదే చేశాడు. మా వరసలో ప్రతి దుకాణంలో రోజుకు పదిసార్లు ఆ మాట వినిపిస్తుంది. మాకది అబద్ధం కాదు, బేరం మెట్లలో మొదటిది. ఠాణాలో రెండో మెట్టు లేదని నాకు ఆ క్షణం వరకు తెలియదు.

గోడ పక్క నుంచి అన్న గొంతు వినిపించింది. "బిడ్డా, సేటు ఇచ్చిందే గద."

అప్పుడు చూశాను కవరులోకి. చెక్క పిడి, పిడి మీద సుతిలి రాసుకుని పడిన గీత.

"జర ఆగండి సార్. మాదే. మా నాయిన కొన్నదే. మూటలు కోసెతందుకు మేమే ఇచ్చినం" అన్నాను.

"ఇప్పుడే కాదన్నరు గద మేడమ్."

"సూడలే సార్. సూడక అన్న."

"సూడకుంటనే మాది కాదన్నరు, సూసినంక మాదే అంటున్నరు." అతను నవ్వలేదు, కోప్పడనూ లేదు. "పెద్దాయన మొహం జూసినంక అంటున్నరు."

"అట్ల కాదు సార్. మా దుకాణంల పద్ధతి గట్లుంటది. ఏదన్న తెస్తే ముందుగాల కాదంటం."

చెప్తుంటేనే నాకు వినిపించింది, ఆ మాట ఎలా ఉందో. పక్క బల్ల దగ్గర టైపు చేస్తున్న రైటరు తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. నేను ఇంకా మాట్లాడాను. కట్టర్ గురించి, ఆవిడ చెంప గురించి, సోలాపూర్ గురించి. బేరంలో ఎక్కువ మాట్లాడేవాడు ఓడిపోతున్నవాడని నాకు తెలుసు. అయినా ఆపలేకపోయాను.

నా చేతిసంచీలో అదే చాకు ఉంది. అదే పిడి, అదే బ్లేడు, ఒకే రోజు ఒకే దుకాణంలో కొన్నది. తీసి ఆ కవరు పక్కన పెడితే చాలు, ఇంకో మాట అక్కర్లేదు. నా చెయ్యి జిప్పు మీదికి వెళ్ళింది. ఠాణాలో, యూనిఫారం ఎదురుగా, చాకు బయటికి తియ్యడమా? నా పేరు కూడా ఆ కాగితంలోకి ఎక్కితే? రేపు దుకాణం లైసెన్సు దగ్గర ఎవరైనా అడిగితే? చెయ్యి జిప్పు మీదే ఆగింది. అన్న నా చేతినే చూస్తున్నాడు. ఆ సంచీలో ఏముందో అతనికి తెలుసు. ఎన్నోసార్లు తన చాకు మొద్దుబారితే అడిగి తీసుకున్నాడు.

నేను సంచీ తెరిచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాను.

నేను లేచేటప్పుడు ఎస్సై అన్నాడు. "మేడమ్, మిమ్మల్ని నేను ఎందుకు పిలిపించిన? మీరొచ్చి మాదే అంటే, జర జాగ్రత్త పెద్దాయనా అని పంపియ్యాలనే. ఇప్పుడు ఓనరే కాదన్నంక నేనేం రాయాలె?"

పెట్టీ కేసు రాశారు. మర్నాడు కోర్టు. బయట కానిస్టేబుల్ ఒకాయన నాకు దారి చెప్పాడు. "ఒప్పుకుంటే రేపే అయిపోతది మేడమ్, చిన్న ఫైను. ఒప్పుకోకుంటే తారీకులు పడతయి, తిరగాలె." నాలో బేరగత్తె మళ్ళీ లేచి కూర్చుంది. తిరుగుళ్ళు ఎన్ని, మోకాళ్ళు ఎలాంటివి, ఒక్క పూటలో తేలేది ఏది అని బేరీజు వేసింది. తక్కువలో పోతోంది, పట్టుకో అంది.

కోర్టు వరండాలో అన్నకు నచ్చజెప్పాను.

"నేనేం జేసిన బిడ్డా, ఒప్పుకుంటానికి?"

"ఏం జెయ్యలేదన్నా. ఒప్పుకుంటే పోయేదేమున్నది? జేబుల చాకు ఉండెనా అంటే, ఔ అను. ఉండె గద."

"ఉండె."

"మరింకేంది?"

"ఎందుకున్నది అని అడుగరా?"

అడగలేదు. పిలిచారు, అడిగారు, ఔ అన్నాడు, నేను ఫైను కట్టాను. అన్నం వేళకు బయటపడ్డాం. నేను సంతోషంగా ఉన్నానని ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఉన్నాను. చవగ్గా వదిలించుకున్నామనుకున్నాను. చాయ్ తాగించాను. దారంతా నేనే మాట్లాడాను. అతను చాయ్ తాగేసి, గ్లాసు తనే తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చి, "నేను పోతనమ్మా" అన్నాడు. ముప్పై అయిదేళ్ళలో బిడ్డా అనకుండా నన్ను పిలవడం అదే మొదటిసారి. ఆ వారంలోనే ఆ పిలుపు కూడా మారి మేడమ్ అయింది.

వెరిఫికేషన్ కాగితం వచ్చింది. అందులో కేసు ఉంది, ఒప్పుకున్నట్టు కూడా ఉంది. సెక్రటరీ ఫోన్ చేసి చెప్పగానే నేను హిమాయత్‌నగర్ వెళ్ళాను. సెక్రటరీది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దమనిషి. వాళ్ళ హాల్లో కూర్చుని ఠాణాలో చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఎక్కడా తడబడలేదు. చివరికి చేతిసంచీ తెరిచి చాకు తీసి టీపాయ్ మీద పెట్టాను.

"ఇదేనండి, ఇట్లాంటిదే. మా నాయిన కొన్నది. నాకొకటి, అన్నకొకటి."

ఆయన చేతిలోకి తీసుకున్నాడు. తెరిచాడు, గోటి మీద పదును చూశాడు, మూశాడు.

"మంచి చాకండీ. ఈ రోజుల్లో ఇలాంటివి దొరకట్లేదు. ఎక్కడ కొన్నారు?"

"అదే చాకు ఆయన దగ్గరుంటే కేసు పెట్టిన్రండి."

"అర్థమైందమ్మా. మీరంటే వ్యాపారం చేసుకునేవారు, ఆడవారు, మీ దగ్గర ఉండొచ్చు. ఉండాలి కూడానండీ, రోజులు బాలేవు." చాకు నా వైపు జరిపాడు. "మనిషి మంచివాడేనని నేను నమ్ముతున్నానండీ. కానీ మీటింగులో కాగితం చదివితే మావాళ్ళు ఒప్పుకోరు. ఇంతకీ ఒక్క మాట. ఠాణాలో కనుక్కుంటే చెప్పారు, ఆ రోజు మీ దుకాణం వాళ్ళే అది తమది కాదన్నారటగా?"

వాళ్ళావిడ చాయ్ తెచ్చింది, తాగాను. వచ్చేటప్పుడు లిఫ్టు పక్కన గది తలుపు తెరిచి ఉంది. నేను బేరమాడి ఒప్పించిన కొత్త తలుపు. లోపల సున్నం వేస్తున్నారు. కిటికీలోంచి వేపకొమ్మ కనిపిస్తోంది.

నెలాఖరుకు పది రోజులుంది. బస్తీ గదిలోకి రాబోయేవాళ్ళు సామాను కూడా తెచ్చి వరండాలో పెట్టేశారు. అన్నకు ఊళ్ళో ఇల్లు లేదు, ఉన్న గోడలు అన్నదమ్ములవి. మా దుకాణం పైన సరుకు దాచే గది ఒకటుంది. సగం ఖాళీ చేయించి, అన్ననూ అతని భార్యనూ పిలిచి, ఇందులో ఉండండి, కిరాయి మాట ఎత్తొద్దు అన్నాను. దుకాణంలో తువ్వాళ్ళు మడతపెట్టే పని ఇస్తానన్నాను.

"కాగితం మీద రాసియ్యండ్రి మేడమ్" అన్నాడు.

ముప్పై అయిదేళ్ళలో అతనికీ మాకూ మధ్య కాగితం లేదు. చేరినప్పుడు లేదు, నాన్న పోయినప్పుడు లేదు. "మన మధ్యల కాగితమేందన్నా?" అన్నాను.

"ఉండనియ్యండ్రి" అన్నాడు. గొంతులో కోపం లేదు. మూట మూల కోసి, వాసన చూసి, ఇది వద్దు అని చెప్పేటప్పుడు కూడా అతని గొంతు అలాగే ఉంటుంది.

రాశాను. ఫలానా గదిలో ఫలానా వారు ఉండవచ్చునని, కిరాయి లేదని, ఇష్టపూర్వకంగా ఇస్తున్నానని. చెయ్యి దానంతటది నడిచింది. ఆబిడ్స్‌లో ఎవరు ఏ గది గురించి రాసినా రాసే మాట దగ్గరికి వచ్చి అది కూడా రాసింది. ఈ తేదీ నుంచి పదకొండు నెలల వరకు. సంవత్సరం రాస్తే రేపు ఖాళీ చేయించడం కష్టమని నాన్న చెప్పేవాడు. నేను ఆలోచించి రాయలేదు. మాది కాదు అన్నప్పుడు కూడా ఆలోచించలేదు.

అన్నకు చదువు రాదు. భార్య అయిదో తరగతి వరకు చదివింది. కాగితం కళ్ళకు దగ్గరగా పెట్టుకుని వేలితో ఒక్కో మాటా దాటుతూ చదివి, ఒక చోట ఆగింది.

"పదకొండు నెల్లేంది?"

"అది రివాజు అక్కా. అందరికీ గట్లనే రాస్తరు. మల్ల రాసుకుందాం."

"అటెనుక?"

"అటెనుక మల్ల పదకొండు."

ఆమె భర్త వైపు చూసింది. అతను గది పైకప్పు వైపు చూస్తున్నాడు. "పెట్టు వేలిముద్ర" అంది ఆమె. "యాడికి పోతం?"

అప్పుడే ఆ కాగితం లాక్కుని చింపేసి ఉండొచ్చు. ఎదురుగా ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు, చేతిలో పెన్ను ఉంది, ఒక్క వాక్యం కొట్టేస్తే అయిపోయేది. నేను స్టాంప్ ప్యాడ్ ముందుకు జరిపాను.

ఇప్పుడు తొమ్మిదో నెల నడుస్తోంది. మూటలు వచ్చిన రోజు స్టేషన్‌కు నేనే వెళ్తున్నాను. రద్దీలో నిలబడి, సంచీలోంచి చాకు తీసి, అందరూ చూస్తుండగా మూల కోసి, వేళ్ళు పెట్టి వాసన చూస్తాను. పోలీసులు పక్కనుంచే వెళ్తారు. ఒకసారి ఒకాయన ఆగి, "జాగ్రత్త మేడమ్, చెయ్యి తెగుతది" అన్నాడు. నా వేళ్ళకు ఆ విద్య పూర్తిగా రాలేదు. మొన్న ఒక మూట చెమ్మదే దించుకున్నాను.

అన్న కింద కూర్చుని తువ్వాళ్ళు మడతపెడతాడు. పని తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. అడిగినదానికి జవాబు చెప్తాడు, మీరు అని మాట్లాడతాడు. కొత్త కాగితం రాస్తాను, గడువు లేకుండా రాస్తాను అని నేను రెండుసార్లు అన్నాను. "మీ ఇష్టం మేడమ్" అన్నాడు రెండుసార్లూ. ఇంకా రాయలేదు. ఎందుకు రాయలేదని నన్ను నేను నిలదీస్తే వచ్చే జవాబులన్నీ తెలివైనవే. రేపు ఈ దుకాణం నా చేతిలో ఉంటుందో లేదో, పైగది లేకుండా దుకాణం ఎవరు కొంటారో, అతని తర్వాత ఎవరొచ్చి ఉంటామంటారో. ఒక్క జవాబు కూడా తప్పు కాదు. గల్లా దగ్గర పెరిగినదానికి ఇలాంటి జవాబులకు కొదవ ఉండదు.

పోయిన వారం పాత దుప్పట్లు తియ్యడానికి పైకి వెళ్ళాను. అన్న భార్య స్టవ్ ముందు కూర్చుని అన్నం వారుస్తోంది. ఒక గిన్నె, ఒక తవ్వ, రెండు కంచాలు, రెండు గ్లాసులు బయట ఉన్నాయి. మిగిలిన సామానంతా గోడవార రెండు మూటల్లో, బస్తీ నుంచి తెచ్చిన రోజు కట్టిన తాళ్ళతోనే ఉంది.

"ఇంకా ఇప్పలేదా అక్కా?" అన్నాను.

"ఎందుకు మేడమ్" అంది, గంజి వంచుకుంటూనే. "మల్ల కట్టుకునుడేనాయె."